తర్రెం సీమ: కూడు, ప్రొద్దు, ఆరోగ్యము

చర్ల ప్రాంతమున గోదావరిలో కలియు తాలిపేరు తెలుగువారికి క్రొత్త నది కాదు. దానిపై కట్టిన ఆనకట్ట నీటితో వరి పండించుకొను రైతులు తెలంగాణమున అనేకులు కలరు. కాని ఆ నీరు ఏ కొండలలో పుట్టి, ఏ యూళ్ల నడుమ నడచి వచ్చుచున్నదో విచారించినవారు తక్కువ. నది వెంట ఎగువకు పోయినచో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బీజాపూర్ జిల్లా తగులును. అచ్చట బాసగూడకు సమీపమున, జగరగొండకు పోవు బాటమీద, తర్రెం అను పల్లె యున్నది. 2000 సంవత్సరము వరకు ఆ సీమ మధ్యప్రదేశములోనిది. 1948లో విలీనమగువరకు బస్తర్ సంస్థానములోనిది. ఆ సంస్థానపు రాజులు కాకతీయులమని చెప్పుకొనిరి. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఆ రాజ్యమును స్థాపించెనని వారి వంశకథ. సరిహద్దు పల్లెలలోని దోర్లల భాష కోయభాషకు చేరినదే యైనను తెలుగు పలుకులతో నిండియుండును. కావున తర్రెం తెలుగుదేశమునకు పొరుగే కాని పరాయిది కాదు.

ఇటీవల ఈ పేరు పత్రికలలో కనబడినది ఒక విషాదము మూలమున. 2021 ఏప్రిల్ 3వ తేదీన తర్రెం సమీపారణ్యమున జరిగిన కాల్పులలో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణములు గోల్పోయిరి. ఆ దుఃఖ మెట్టిదో కేంద్ర ప్రభుత్వ సేవలో నున్న కుటుంబములకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ సీమకు తుపాకుల చరిత్రకంటె ప్రాతదైన చరిత్ర యొకటి కలదు. అచ్చటి మనుష్యుడు ఏమి తినెను, ఎంత శ్రమించెను, ఎప్పుడు విశ్రమించెను, అందువలన వాని దేహము, మనస్సు ఎట్లుండెను అనునది ఆ చరిత్ర. రాజుల పట్టికలవలె అది శాసనములలో దొరకదు. కాని దానిని గమనించి వ్రాసిన వారు కొందరున్నారు.

వారిలో మొదట చెప్పదగినవాడు డబ్ల్యు. వి. గ్రిగ్సన్. ఇతడు 1927 నుండి 1931 వరకు బస్తర్ సంస్థాన పరిపాలకుడుగా నుండి, తాను చూచినదంతయు 1938లో మారియా గోండులను గూర్చిన గ్రంథముగా ప్రకటించెను. కొండవాలులను నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తు చల్లు పోడు వ్యవసాయమును, దానితో ముడివడిన జీవితమును ఆతడు వివరముగా వర్ణించెను. దక్షిణ బస్తరులో వరి పండినను, వరియొక్కటియే తిండి కాదు. సామలు, ఆరికలు, చోళ్లు, జొన్నలు కలసి పండెడివి. వాననుబట్టి ఒకటి పోయినను మరియొకటి మిగిలెడిది. మెట్టధాన్యపు జావను కుండలో నుంచుకొని, పొలమునకు పోవునప్పుడు సొరకాయ బుఱ్ఱలో పోసికొని పోవుట ఆచారము. అది దాహమునకు దాహము, ఆకలికి ఆకలి తీర్చెడిది.

ఆ సీమలో సంవత్సరమునకు తిండి క్రమమొకటి కలదు. పంటలు ఇల్లు చేరిన చలికాలము నిండు కాలము. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూలు రాలును. తెల్లవారక ముందే ఆలుబిడ్డలు చెట్ల క్రింద చేరి పూలనేరి, ఎండబెట్టి, దాచుకొందురు. చక్కెర సమృద్ధిగా గల ఆ పువ్వు సారా కాచుటకే యని మైదానపువారి యూహ. వాస్తవమునకు అది కరవునాటి యన్నము కూడ. ఇప్పగింజలనుండి నూనె వచ్చును. వేసవిలో తునికిపండ్లు, మొఱ్ఱిపండ్లు, మామిడి. తొలకరిలో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, ఆకుకూరలు. ఏ కాలమునందైనను అడవిదుంపలు, చేపలు, చిన్న వేట. ఎఱ్ఱచీమలను గ్రుడ్లతో కూడ నూరి చేయు పచ్చడి బస్తరులో మిక్కిలి ప్రసిద్ధము. వినుటకు వింతగా నుండవచ్చును గాని, పప్పుధాన్యము తక్కువగా దొరకు చోట మాంసకృత్తులకు అది చక్కని మార్గము. చోళ్ల విషయము సరేసరి. వంద గ్రాముల చోళ్లలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు పైగా నుండగా, మరపట్టిన బియ్యమున అది పది మిల్లీగ్రాముల ప్రాంతమే.

సంతలో కొనవలసిన ముఖ్యవస్తువు ఉప్పు. దానికొరకు సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు ఇచ్చి వర్తకుల చేతిలో గిరిజనులు మోసపోయిన కథ బస్తరంతటను విన్నదే. ఉప్పునకును ఆరోగ్యమునకును గల మరియొక సంబంధమును తేల్చినవాడు తెలుగువాడగుట ఇచ్చట స్మరింపదగును. శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956 మొదలు హిమాలయ పాదమునందలి కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పును ప్రజలకిచ్చి, గొంతువాపు రోగము తగ్గునని నిరూపించెను. 1962లో దేశమున ప్రారంభమైన గొంతువాపు నివారణ కార్యక్రమమునకు ఆ పరిశోధనమే ఆధారము.

ఇంత చెప్పినంత మాత్రమున తర్రెం సీమను స్వర్గముగా భావించుట తగదు. శ్రావణ భాద్రపదములలో గాదె అడుగంటి, క్రొత్త పంట రాక, ఆకలి రాజ్యమేలెడిది. మలేరియా ప్రతియింటి రోగము. 2020 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము బస్తరులో ఇంటింటికి తిరిగి రక్తపరీక్షలు చేయు ఉద్యమమును ఆరంభింపవలసి వచ్చినదనిన దాని తీవ్రత ఊహించుకొనవచ్చును. యాస్ అను వ్రణరోగము గోండు, కోయ పల్లెలను పీడించెను. 1952లో ప్రపంచారోగ్య సంస్థ తోడ్పాటుతో పెన్సిలిన్ సూదిమందు ఇచ్చుట మొదలిడిన పిమ్మటనే అది తగ్గి, 2003 తరువాత కానరాక, 2016లో దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. ఏ మెట్టధాన్యమును ఏ దుంపయు చేయలేని పని అది. తిండి యొక్కటియే సర్వరోగ నివారిణి యనువారు ఈ సంగతి మరువరాదు.

దేహమును విడిచి మనస్సును చూచినచో, బస్తరు మరియొక అపూర్వమైన గ్రంథమునకు ఆధారమైనది. 1940 ప్రాంతమున అచ్చట పనిచేసిన వెరియర్ ఎల్విన్, ఇంద్రావతికి దక్షిణముననుండు కొమ్ముల మారియాలలో హత్యలు, ఆత్మహత్యలు అధికముగా నుండుట గమనించి, నూఱు హత్యాభియోగముల పత్రములను పరిశీలించి, 1943లో ఒక పుస్తకము వెలువరించెను. ఆ కారణములలో కల్లు, సారా, అనుమానము, మంత్రభయము, ఆస్తి తగవు ఉండుట ఆశ్చర్యము కాదు. కాని అలసటను గూడ ఒక కారణముగా ఆతడు ప్రత్యేకించెను. ఎండలో పగలంతయు వంగి పనిచేసి యిల్లు చేరినవానికి కూడు సిద్ధముగా లేకపోవుట, దానిపై ఒక మాట, మాటపై ఒక దెబ్బ — ఇట్లు క్షణములో జరిగిపోయిన ఘోరములు ఆ అభియోగములలో కలవు. 'మానసిక ఒత్తిడి' యను మాట పత్రికలలో పుట్టకముందే ఆ సంగతి బస్తరు న్యాయస్థానపు కాగితములలో నుండెను. ఉత్తరముననున్న మురియాలలో హత్యలు తక్కువ. యువజనులు కూడి పనిచేసి, ఆడి పాడి, ఒకచోట నిద్రించు ఘోటుల్ అను ఆచారము వారి స్వభావమును మృదువు చేసినదని ఎల్విన్ అభిప్రాయము. ఆతని లెక్కలను ప్రశ్నింపవచ్చును గాని, తిండివేళ, నిద్రవేళ, తోడునీడ అను మూడింటికిని మనశ్శాంతికిని గల చుట్టరికమును ఆతడు గుర్తించిన విధము నేటికిని విలువగలదే.

ఈ జీవితక్రమము తనంతట తాను చెదరలేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సంస్థానపు అడవులలో అధికభాగమును రక్షితారణ్యముగా మార్చు యత్నము జరిగెను. పోడుపై, వేటపై, ఇంట సారా కాచుకొనుటపై కట్టడులు వచ్చెను. వెట్టి పెరిగెను. 1910 ఫిబ్రవరిలో నేతానార్ వాసి గుండాధూర్ పేరుతో ప్రసిద్ధమైన భూమ్‌కాల్ తిరుగుబాటు దాని ఫలితము. చరిత్రకారులు దీనిని రాజకీయ ఘట్టముగా వ్రాయుదురు, అది నిజమే. కాని దుంప త్రవ్వుకొను చోటు, పూలేరుకొను చెట్టు, విశ్రమించు దినము, ఇవి పరుల యాజ్ఞకు లోబడుట కూడ అందు కలదు. అనగా అది కూటి తిరుగుబాటు, తీరిక తిరుగుబాటు కూడ.

అడవిలో ఆజ్ఞ చేసిన పనిని మైదానమున మర చేసెను. గోదావరి కడలిఁ జేరు వైపున, గంజాము మొదలు గుంటూరు వరకు వ్యాపించిన తీరాంధ్రము, అనగా నాటి ఉత్తర సర్కారులు, ఒక రోగమునకు పెట్టినది పేరు. అది బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, పాదములు వాచి, తుదకు గుండె నిలిచిపోవు వ్యాధి. 1835లో మదరాసు సైన్యవైద్యుడు మాల్కంసన్ ఈ రోగముపై ఒక గ్రంథము ప్రకటించుచు సర్కారులలోని సిపాయిల యవస్థను వర్ణించెను. కారణము మాత్రము ఆతనికి దొరకలేదు. అరువది యేండ్లకు పిమ్మట జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము మేపిన కోళ్లకు కాళ్లు చచ్చుబడుటయు, తవుడు పెట్టగనే కోలుకొనుటయు చూచెను. ఆ కనుగొనుటకు 1929లో నోబెల్ బహుమానము వచ్చెను. తవుడులో నున్న ఆ వస్తువే నేటి థయమిన్, అనగా బి-1 విటమిన్.

తీరాంధ్రమున మాత్రమే అంత హెచ్చుగా నుండుట యేల? తమిళ జిల్లాలలో పేదలు ఉప్పుడుబియ్యము తినెడివారు. వడ్లను నానబెట్టి యావిరిపై ఉడికించునప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోనికి దిగును; పిమ్మట మరపట్టినను కొంత నిలుచును. తెలుగువారికి ఉప్పుడుబియ్యపు వాసన గిట్టదు. పచ్చిబియ్యమే వారికి అన్నము. రోట దంచుకొన్నంతకాలము దానివలన బాధ లేదు. రోకటిపోటు తవుడునంతయు తీసివేయజాలదు. కాని ఆవిరి మరలు, విద్యుచ్ఛక్తి మరలు వచ్చి, మల్లెపూవువంటి బియ్యము చౌకగా దొరకుటతో, అంతకుముందు సంపన్నుల వైభవముగా నున్న తెల్లన్నము కూలివాని కంచమునకు వచ్చెను. సంపన్నునకు పాలు, పెరుగు, పప్పు, కూరలు ఉన్నవి; కూలివానికి పచ్చిమిరపకాయ, ఉప్పు. దానికి తోడు బియ్యమును మూడు నీళ్లు కడుగుట, గంజి వార్చి పారబోయుట. కొఱవడిన దానిలో మిగిలినదియు తూములో పోయెడిది.

1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నెలకొల్పిన చిన్న పరిశోధనాలయమునకు మొదటి పేరే బెరిబెరి విచారణము. అతడును నారిస్ అను సహచరుడును 1924లో బియ్యమునకు బెరిబెరికి గల సంబంధముపై గ్రంథము ప్రకటించిరి. మెకారిసన్ చేసిన మరియొక ప్రయోగము విశేష ప్రచారము పొందినది. సిక్కులు, పఠానులు, మహారాష్ట్రులు, వంగీయులు, మదరాసీలు మున్నగువారు తిను భోజనములను ఎలుకల గుంపులకు వేర్వేరుగా పెట్టగా, గోధుమరొట్టె, పాలు, పచ్చికూరలు తిన్న సిక్కు గుంపు బలిసి నునుపు దేరెను. తెల్లన్నము తిన్న మదరాసు గుంపు అన్నిటికంటె క్షీణించెను. ఈ కథ చెప్పుకొని ఉత్తరదేశపు మిత్రులు నవ్వుకొనవచ్చును. అయితే అందు తప్పు తెలుగువాని జాతిది కాదు, మరయొక్క రాతిది. అతని పిమ్మట 1935లో వచ్చిన ఐక్రాయిడ్, సర్కారులలో చంటిబిడ్డలు మరణించుటకు తల్లిపాలలోని ఈ లోపము ఎంతవరకు కారణమో పరిశోధించెను. తాను తిన్న తెల్లన్నమునకు తల్లి కాళ్లు తిమ్మిరెక్కుటతో పోలేదు. ఒడిలోని శిశువు దాని ఫలము అనుభవించెను.

అదే సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యని పేరు మార్చుకొనెను. తార్నాకలోని ఆ భవనములను చూడని హైదరాబాదు వాసులు అరుదు. అచ్చట గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో, జొన్నయే ముఖ్యాహారముగా గల తెలంగాణపు బీదలలో కనబడు పెల్లాగ్రా రోగమును గూర్చి ప్రకటించిన వ్యాసము లోకమునాకర్షించెను. ఎండ తగులు చేతులపై, మెడపై చర్మము నల్లబారి బిరుసెక్కుట, నోరు పుండగుట, మనస్సు క్రుంగి నిద్ర పట్టకపోవుట ఆ రోగ లక్షణములు. జొన్నలోని ల్యూసిన్ అను పదార్థము హెచ్చగుటయే కారణమని వారి సిద్ధాంతము. దానిపై పిమ్మట వాదోపవాదములు జరిగినవి. గమనింపదగిన దేమనగా, తీరమున తెల్లబియ్యము రోగము తెచ్చినట్లే పీఠభూమిపై జొన్న రోగము తెచ్చెను. వరి చెడ్డది, జొన్న మంచిది యని తీర్పు చెప్పుట నేటి వాడుక. ఆ తీర్పు చరిత్రకు నిలువదు. తర్రెం దోర్లకు జొన్న కీడు చేయకుండుటకు కారణము, జొన్నతోపాటు ఇంకను ఇరువది పదార్థములు వారి యడవిలో నుండుటయే. కీడు ధాన్యమునందు లేదు. వేరొకటి తినుటకు దారి లేకపోవుటయందు కలదు.

ఈ మాట గింజలకే కాక కచేరీలకును చెల్లునని లండను నగరమున తేలినది. 1967 మొదలు బ్రిటిషు ప్రభుత్వోద్యోగులగు 17,000 మందికి పైగా పురుషులను పరీక్షించి, సంవత్సరముల కొలది వారి జీవన్మరణములను లెక్కించిరి. ప్రభుత్వ కార్యాలయములున్న వీధిపేరున దానిని వైట్‌హాల్ పరిశోధనమందురు. పెద్ద బాధ్యతలు మోయు పై యధికారులకే గుండెజబ్బు అధికమని అంతవరకు లోకవాడుక. ఫలితము తలక్రిందులైనది. అన్నిటికంటె దిగువ శ్రేణివారు గుండెజబ్బుతో మరణించుట, పై శ్రేణివారికంటె మూడు రెట్లకు మించియుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు, కొవ్వు మున్నగునవి లెక్కించి తీసివేసినను ఆ భేదములో పెద్దభాగము మిగిలియే యుండెను. 1985లో స్త్రీలను గూడ చేర్చి 10,308 మందితో రెండవ పరిశోధనము ఆరంభించిరి. తన పనిని తాను నిర్ణయించుకొను స్వాతంత్ర్యము తక్కువగా నున్నవారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చుచున్నదని 1997లో ప్రకటించిరి. ఫైళ్లు వ్రాయు అధికారికంటె, గంట మ్రోగగనే లేవవలసిన జవానుకే అపాయమెక్కువ యన్నమాట. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు పాఠకులకు ఇందులో తెలియని దేమియు లేదు. తెలిసినదానికి లెక్క దొరకినది, అంతే.

ఇక తర్రెం వైపు. 2005లో సల్వాజుడుం పేర బీజాపూర్ ప్రాంతమున చెలరేగిన కల్లోలములో పల్లెలు తగులబడెను. కొందరిని రహదారి ప్రక్క శిబిరములకు చేర్చిరి, కొందరు అడవిలోనికి పోయిరి, అనేకులు గోదావరి సీమకు తరలివచ్చి నాటి ఖమ్మం జిల్లాలో గుడిసెలు వేసికొనిరి. 2011 జులై 5న సర్వోన్నత న్యాయస్థానము ఆ యేర్పాటును రాజ్యాంగ విరుద్ధమని చెప్పెను. తీర్పు వచ్చినంత మాత్రమున పోయిన విత్తనములు తిరిగి రావు. మెట్టధాన్యపు విత్తనము ఒక్క సంవత్సరము నాటకపోయిన ఎలుకల పాలగును. ఇరుపక్షముల తుపాకులకు వెఱచి అడవికి పోవుట మానినవానికి దుంప, కూర, పండు, వేట ఒక్కమారుగా దూరమగును. శిబిరమున దొరకునది బియ్యము, ఉప్పు, పప్పు. రాత్రి నిద్ర సంగతి చెప్పనక్కరలేదు. ఆ యడవులలోనే ఇల్లు విడిచి కావలి యుండు సిపాయికిని, వేళకు తిండి, వేళకు నిద్ర తన చేతిలో లేవు. బాటకు ఆ వంకనున్నవాడును ఈ వంకనున్నవాడును ఈ విషయమున సమానులే.

గోదావరి యొడ్డునకు వచ్చినవారు మిరపచేలలో కాయకోతకు పోయి, ఆ కూలితో పొట్టపోసికొనిరి. తెలుగుదేశమున 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి, పీఠభూమి బీదల జొన్నకూటిని తెల్లన్నముగా మార్చెను. పెల్లాగ్రా క్రమముగా అరుదైనది. 2007లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము చౌకబియ్యపు పథకము పెట్టి, 2012లో ఆహారభద్రతకు శాసనమే చేసెను. తర్రెం వంటి పల్లెలలో శ్రావణ భాద్రపదముల ఆకలికి ఇంతకంటె గట్టి మందు అంతకుముందు లేదు. ఎంతటి మెట్టధాన్యాభిమానియు దీనిని కాదనరాదు. కాని బియ్యము వచ్చిన వేగముతో పప్పు, నూనె, గ్రుడ్డు రాలేదు. సర్కారులలో నూఱేండ్ల క్రిందట మర చేసిన పనిని అడవిలో చౌకదుకాణము చేయకుండవలెనన్నచో, ఆ దుకాణమున చోళ్లు, సామలు కూడ నుండవలెను.

అందుకు కొంత యత్నము జరిగినది. 2021లో ఆ రాష్ట్రము మెట్టధాన్యముల పథకమును ఆరంభించి, ఆరికలు, సామలు, చోళ్లకు మద్దతు ధర నిర్ణయించి కొనెను. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. ధర వచ్చుట మేలే. అయితే హైదరాబాదు అంగళ్లలో ఆరికలు, సామలు సన్నబియ్యమునకు మించిన వెలకు అందమైన సంచులలో అమ్ముడగుచున్నవి. మధుమేహమునకు జంకిన ఉద్యోగి వానిని కొని, ఉడికించు విధము తెలియక పొరుగింటి అవ్వనడుగుచున్నాడు. ఆ గింజ పండించిన కొండవాలున, దానిని అమ్మి వచ్చిన సొమ్ముతో సంతలో ఏమి కొనుచున్నారో, సాయంకాలము ఏ కుండలో ఏమి ఉడుకుచున్నదో, ఇక లెక్క వ్రాయవలసిన చరిత్ర అది.